సీనాయి కొండ కంటే ముందే కృప

‘మనకిప్పుడు కృపే కదా, ధర్మశాస్త్రంతో పనేంటి?’ తెలుగు సంఘాల్లో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. దాని వెనకున్న అపోహలు కొన్ని చాలా పాతవి.

అపోహ: పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు దయామయుడు.

వాస్తవం: ఈ మాటను రెండో శతాబ్దంలోనే సిద్ధాంతంగా మలిచినవాడు మార్షియన్. నల్లసముద్రం ఒడ్డునున్న సినోపే అతని ఊరు, ఓడల వ్యాపారం వృత్తి. యూదుల లేఖనాలన్నీ పక్కనపెట్టి, తనకు నచ్చినట్టు కత్తిరించిన లూకా సువార్తనూ పౌలు పత్రికలు పదింటినీ మాత్రమే ఉంచుకున్నాడు. సా.శ. 144లో రోమా సంఘం అతణ్ని వెలివేసింది. అతని ఆలోచన మాత్రం మన ప్రసంగ వేదికల మీద ఇంకా బతికే ఉంది. బంగారు దూడను పూజించిన జనానికి రెండోసారి రాతిపలకలు ఇస్తున్నప్పుడే దేవుడు తాను కనికరం, దీర్ఘశాంతం గలవాడినని చెప్పుకొన్నాడు (నిర్గమ 34). దోషిని ఊరికే వదలననీ అక్కడే అన్నాడు. ఇక నరకాగ్నిని సూచించే గెహెన్నా అనే పదం కొత్త నిబంధన గ్రీకు మూలంలో 12 సార్లు వస్తే, అందులో 11 సార్లు పలికింది యేసే.

అపోహ: దేవుడు మొదట ఆజ్ఞలు పాటించి రక్షణ పొందమన్నాడు. అది కుదరక, తర్వాత కృపను తెచ్చాడు.

వాస్తవం: నిర్గమకాండం వరసగా చదివితే ఈ మాట నిలబడదు. పస్కా రాత్రి 12వ అధ్యాయంలో, సముద్రం దాటడం 14లో, సీనాయి కొండ దగ్గర పది ఆజ్ఞలు 20లో ఉన్నాయి. ఆజ్ఞలకు ముందు మాట కూడా ఐగుప్తు దాస్యం నుంచి విడిపించినవాణ్ని నేనే అన్నదే. విడుదలైన జనం ఎలా బతకాలో చెప్పడానికే ధర్మశాస్త్రం వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఆదికాండం 15లో దేవుడు అబ్రాముతో చేసిన నిబంధన ఉంది. నిబంధన చేసుకొనేవాళ్లు పశువులను రెండుగా ఖండించి ఆ ముక్కల మధ్య నడిచేవారు. మాట తప్పితే మాకూ ఇదే గతి అని ఒప్పుకోవడం దాని అర్థం. యిర్మీయా 34లోనూ ఈ ఆచారం కనిపిస్తుంది. అబ్రాము గాఢనిద్రలో ఉండగా ఆ ముక్కల మధ్య దాటింది పొగలేచే పొయ్యి, మండే దివిటీ మాత్రమే. అతనితో అడుగు వేయించలేదు, పూచీ అంతా దేవుడిదే. సున్నతి 17వ అధ్యాయంలో గానీ రాదు. పౌలు రోమా 4లో వాదించింది సరిగ్గా ఈ వరస మీదే. వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు వచ్చిన ధర్మశాస్త్రం దాన్ని కొట్టివేయలేదని గలతీ 3లో రాశాడు.

సీనాయి నిబంధనలో షరతులు లేవని కాదు. ద్వితీయోపదేశకాండం 28లో దీవెనలతోపాటు శాపాల జాబితా కూడా ఉంది. కానీ తప్పు చేసినవాడికి బలులనూ ప్రాయశ్చిత్త దినాన్నీ ఏర్పాటు చేసింది ఆ ధర్మశాస్త్రమే. తప్పులే చేయని మనుషుల కోసమైతే లేవీయకాండం 16 దేనికి? ఆనాటి యూదులు ఆజ్ఞలతో దేవుడి దయను కొనుక్కోజూశారన్న అభిప్రాయం తప్పని కొత్త నిబంధన పండితుడు ఇ.పి. శాండర్స్ 1977లో రాసిన పుస్తకం వాదించింది. దానిపై చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

అపోహ: కృప వచ్చింది, ఆజ్ఞలు రద్దు.

వాస్తవం: లూథర్ శిష్యుడు యోహాన్ అగ్రికోలా దాదాపు ఇదే అంటే, 1530ల చివర్లో లూథరే అతనికి ఎదురు నిలిచాడు. కొత్త నిబంధన వస్తుందన్న యిర్మీయా 31 చెప్పింది ధర్మశాస్త్రాన్ని హృదయాల మీద రాస్తాననే. నరహత్య చేయొద్దన్న ఆజ్ఞను యేసు కోపానికీ వర్తించేలా బిగించాడు.

మరి సున్నతి, ఆహార నియమాలు? అన్యజనులకు సున్నతి అక్కర్లేదని యెరూషలేము సభ తేల్చింది (అపొస్తలుల కార్యములు 15). నైతిక, ఆచార, న్యాయ విధులన్న మూడు భాగాల విభజనను 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ వివరంగా రాశాడు. పనికొచ్చే విభజనే గాని, మూలంలో అలాంటి గీతలేమీ లేవు. పొరుగువాణ్ని ప్రేమించమన్న లేవీయకాండం 19లో మరుసటి వచనమే రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోవద్దంటుంది.

అపోహ: దశమభాగం ఇవ్వకపోతే శాపం.

వాస్తవం: ధర్మశాస్త్రం పోయిందని ప్రకటించే వేదికల మీదే ఇదీ వినిపించడం విడ్డూరం. ఈ శాపానికి ఆధారంగా చూపే మలాకీ 3 సీనాయి నిబంధన కింద ఉన్న ఇశ్రాయేలీయులతో మాట్లాడుతోంది. దశమభాగం భూమిలో వాటా లేని లేవీయుల పోషణకు (సంఖ్యాకాండం 18). అబ్రాము ముందే ఇచ్చాడుగా అంటారు. అతను ఇచ్చింది యుద్ధంలో దొరికిన సొమ్ములోంచి. ధర్మశాస్త్ర శాపం నుంచి క్రీస్తు విడిపించాడని గలతీ 3 చెబుతుంటే, విశ్వాసిని మళ్లీ దానితోనే బెదిరించడం అన్యాయం. యెరూషలేములోని పేదలకు చందా అడిగినప్పుడు పౌలు ఇంత శాతమని చెప్పలేదు. ఇష్టపూర్వకంగా ఇవ్వమన్నాడు. మీ సంఘంలో మలాకీ 3 చదివే ఆదివారం, రెండో కొరింథీ 8, 9 అధ్యాయాలు కూడా చదవమని అడగండి.