ఊపిరాడని చోట బిగుసుకునే జిగురు

షాట్‌గన్ గొట్టం కొసన, గురి చూసే కంటికి ఆనవాలుగా, పెసరగింజంత ఇత్తడి పూస ఒకటి ఉంటుంది. దాని తోక చిన్న మర. ఆ మరను గొట్టం మీది పట్టీలోకి దిగబిగిస్తారు. అక్కడ లోహం మందం తక్కువ కాబట్టి పట్టు దొరికేది రెండు మూడు చుట్లకే. పోనీ మరను ఇంకాస్త పొడుగ్గా పెడదామంటే దాని మొన గొట్టం లోపలికి పొడుచుకొచ్చి గుళ్ల దారికి అడ్డం పడుతుంది. అందుకే ఈ పూస ఊడి ఏ గడ్డిలోనో పడిపోవడం షాట్‌గన్ వాడేవాళ్లకు కొత్తేమీ కాదు.

ఊడక ఏం చేస్తుంది! షాట్‌గన్‌తో ఆడే ట్రాప్ పోటీనే తీసుకోండి. 2016లో రియో ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ఆడింది అందులోనే. ఆ పోటీలో ఒక్కో తూటాలో 24.5 గ్రాములకు మించి గుళ్లు ఉండకూడదు. అవి సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో ముందుకు దూకితే, నాలుగు కిలోలకు కాస్త తక్కువుండే తుపాకీ సెకనుకు దాదాపు మూడు మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. అదంతా సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లోనే జరిగిపోతుంది. గట్టిగా సాధన చేసే షూటర్లు రోజుకు వందల తూటాలు కాలుస్తారు. పూసకే కాదు, ట్రిగ్గర్ కాపును పట్టి ఉంచే మరలకు, పంప్ షాట్‌గన్ పక్కన తూటాల పట్టీని నిలిపే మరలకు, కర్ర బట్‌లోంచి వెళ్లే పొడవాటి బోల్టుకు కూడా తూటా తూటాకూ అదే తన్ను.

అయితే తన్ను తగిలినంత మాత్రాన మర ఎందుకు తిరగాలి? బిగించిన మర కొద్దిగా సాగి ఉంటుంది. ఆ సాగిన లాగుడే రెండు భాగాలనూ ఒకదానికొకటి అదిమి పడుతుంది. అదిమిన చోట రాపిడి ఉన్నంతసేపూ మర కదలదు. ఇక్కడ అసలు దొంగ ఎవరో 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు పట్టుకున్నాడు. మరను నిలువుగా ఎంత లాగినా అంత ప్రమాదం లేదు. అడ్డంగా, పక్కవాటుగా కుదిపితేనే కొంప మునుగుతుంది. అలా కుదిపినప్పుడు చుట్లు చుట్ల మీద జారతాయి. జారుతున్న ఆ క్షణంలో తిరుగుడును ఆపే రాపిడి ఉండదు. మర తన వాలు వెంబడి తానే ఇంత వెనక్కి తిరుగుతుంది. చుట్ల మధ్య సందు ఉండబట్టే ఆ జారుడు సాధ్యం. ఆ సందే లేకపోతే మర అసలు ఎక్కదు. యుంకర్ తయారుచేసిన కుదుపు యంత్రం మీద పెట్టి చూస్తే, మెకానిక్ షెడ్లలో అందరూ కళ్లు మూసుకుని నమ్మే స్ప్రింగ్ వాషర్ కూడా పెద్దగా నిలబడలేదు.

ఈ లెక్క తేలకముందు నుంచే తుపాకీ పనివాళ్లకు తమ ఉపాయాలు తమకుండేవి. మర తల అంచున పంచ్‌తో ఒక దెబ్బ వేసి లోహాన్ని లోహంలోకి కుక్కేవారు. లేదంటే పెద్ద మర తిరగకుండా పక్కనే ఇంకో బుల్లి మరను కాపలా పెట్టేవారు. పనులు జరిగేవి గానీ, విప్పాల్సి వస్తే మొదటి పద్ధతిలో మర తల పాడయ్యేది, రెండో పద్ధతికి చేయి తిరిగిన పనివాడు కావలసి వచ్చేది.

ఆ పద్ధతులకు బదులు ఇప్పుడు చుట్ల మధ్య సందును నింపి గట్టిపడే ఓ ద్రవం ఉంది. అది మాత్రం తుపాకుల కోసం పుట్టలేదు. 1940లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకుల చేతికి ఓ విచిత్రమైన ద్రవం చిక్కింది. గాలి తగులుతున్నంతసేపూ అది నీళ్లలా పారుతుంది. గాలి అందకపోతే గడ్డకడుతుంది. గుణం అద్భుతమే గానీ దాన్ని కాపాడటమే తలనొప్పి. ద్రవంగా ఉంచాలంటే అందులోకి నిరంతరాయంగా గాలి బుడగలు పంపుతూ ఉండాలి. డబ్బాతోపాటు గాలి పంపు కూడా ఇచ్చి అమ్మే సరుకును ఎవరు కొంటారు?

ఆ కంపెనీలో పనిచేసే రాబర్ట్ క్రీబుల్ ఈ గొడవను తన తండ్రి చెవిన వేశాడు. తండ్రి వెర్నన్ క్రీబుల్ కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో రసాయన శాస్త్రం ప్రొఫెసర్. మామూలుగా రిటైర్మెంట్ వయసు దగ్గరపడ్డ మనిషి ఆ తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తాడు. ఈయన లాబ్‌లో కూర్చుని, బుడగల అవసరం లేకుండా, పైన కాస్త గాలి ఉంటే చాలు నెలల తరబడి ద్రవంగానే ఉండే పాళ్లు కుదిర్చాడు. 1953లో అమెరికన్ సీలెంట్స్ కంపెనీ మొదలైంది. కోడలు నాన్సీ ఆ సరుకుకు లాక్‌టైట్ అని పేరు పెట్టింది. 1956 జూలైలో న్యూయార్క్ యూనివర్సిటీ క్లబ్‌లో పత్రికల వాళ్లను పిలిచి లోకానికి చూపించారు. 1963లో కంపెనీ పేరే లాక్‌టైట్ కార్పొరేషన్‌గా మారింది. 1997లో జర్మనీకి చెందిన హెంకెల్ దాన్ని కొనేసింది.

నన్నడిగితే ఈ కథలో సగం ఘనత సీసాదే. అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న పాలిథీన్ సీసా గోడల గుండా ఆక్సిజన్ నెమ్మదిగా లోపలికి పాకుతుంది. గాజు సీసా అయితే ఆ దారి మూసుకుపోతుంది. ఈనాటికీ ఆ ఎర్ర సీసాను నిండా నింపరు. కొన్నవాళ్లు కంపెనీ మోసం చేసిందనుకుంటారు. నిజానికి ఆ ఖాళీలో ఉన్న గాలే లోపలి సరుకును బతికిస్తోంది.

లోపల ఉన్నది మెథాక్రిలేట్ జాతి అణువులు, వాటికి నిప్పు రాజేసే హైడ్రోపెరాక్సైడ్, చర్యను వేగిరపరిచే మరికొన్ని దినుసులు. వాటిలో ఒకటి సాకరిన్. అవును, చక్కెర జబ్బు వాళ్లు టీలో వేసుకునే సాకరినే! అణువులు గొలుసులుగా అల్లుకోవాలంటే మొదట హైడ్రోపెరాక్సైడ్ విరిగి చురుకైన ముక్కలు పుట్టాలి. ఇనుము, రాగి అయాన్లు ఆ విరుపుకు దోహదం చేస్తాయి. అయితే దగ్గర్లో ఆక్సిజన్ ఉంటే ఆ ముక్కలను పట్టేసి నీరసపరుస్తుంది, అల్లిక అక్కడితో ఆగిపోతుంది. మర బిగించాక చుట్ల మధ్య గాలి ఉండదు, చుట్టూ లోహమే. పది ఇరవై నిమిషాల్లో పట్టు మొదలవుతుంది, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు 24 గంటలు. పైకి పొంగిన చుక్క మాత్రం గాలి తగులుతూ తడిగానే ఉంటుంది, గుడ్డతో తుడిచేయొచ్చు. ఫెవిక్విక్ దీనికి పూర్తిగా వేరు బాపతు. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, పెళుసుగా తయారవుతుంది, వరస దెబ్బలకు తట్టుకోలేదు.

తుపాకీ దగ్గర ఈ ద్రవానికి మొదటి శత్రువు నూనె. మరలకు ఏళ్ల తరబడి పట్టిన నూనెను ఎసిటోన్‌తో కడిగి ఆరబెట్టాలి. ఆ పని ఎగ్గొట్టి జిగురును తిట్టేవాళ్లే ఎక్కువ. పూసకు ఒక చిన్న బొట్టు సరిపోతుంది. సీసా ముక్కును ఇనుముకు తాకించకూడదు, లోహపు నలుసు లోపలికి పోతే సీసా మొత్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇత్తడి పూస త్వరగా పట్టుకుంటుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ మర బద్ధకిస్తుంది. ట్రిగ్గర్ కాపు మర దగ్గర ఎక్కువ పోస్తే లోపలి మీటల సందుల్లోకి కారి, కదలాల్సినవి కూడా బిగుసుకుంటాయి. కొన్ని రకాల ప్లాస్టిక్‌కు ఈ ద్రవం తగిలితే పగుళ్లు వస్తాయి. కొత్త తుపాకుల్లో ప్లాస్టిక్ భాగాలకు కొదవ లేదు కాబట్టి అక్కడా చూసుకోవాలి.

అన్ని రోగాలకూ ఇదే మందు అనుకుంటే పొరపాటు. ఎండాకాలం కర్ర ఎండి కుంచించుకుపోయినప్పుడు బట్ కదులుతుంది. బోల్టు తిరగలేదు, కర్రే తగ్గింది. జిగురు పూసిన బోల్టు ఉన్నచోటే భేషుగ్గా ఉంటుంది, బట్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. అక్కడ చేయాల్సింది మళ్లీ బిగించడమే. గొట్టం కొసన మార్చుకునే చోక్ ట్యూబ్‌కు దీన్ని అసలు పూయకూడదు. అది విప్పడానికే ఉంది, దానికి గ్రీజు కావాలి.

రంగుల విషయంలో కూడా తొందరపడకూడదు. సన్న మరలకు ఊదా, మధ్యరకానికి నీలం, ఇక విప్పనక్కర్లేదనుకున్నవాటికి ఎరుపు. ఎరుపు పట్టును వదిలించాలంటే మరను దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. చిక్కేమిటంటే, డబుల్ బ్యారెల్ తుపాకీలో రెండు గొట్టాల మధ్య పట్టీని చాలా వాటిలో తగరం, సీసం కలిపిన టంకంతోనే అతికిస్తారు. ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. పూసకు ఎరుపు పూసి, తర్వాత దాన్ని విప్పాలని గొట్టానికి బర్నర్ మంట చూపిస్తే పూస కంటే ముందు పట్టీ లేచిపోతుంది. తెలిసిన పనివాడు మంట జోలికే పోడు. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనను పూస మీద మాత్రం ఆనించి, ఆ వేడి పట్టీలోకి పాకకముందే తిప్పి తీసేస్తాడు. ఇంకా తెలివైనవాడు మొదట్లోనే ఊదా రంగుది వాడతాడు, దానికి మామూలు చేతి పనిముట్లే చాలు.