నారాయణఖేడ్ నుంచి నైరోబీ దాకా బండి లెక్క

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర కాసేపు నిలబడితే టీజీ 15, పాత టీఎస్ 15 నంబర్లతో పాటు బీదర్ వాళ్ల కేఏ 38, నాందేడ్ వాళ్ల ఎంహెచ్ 26 బండ్లు కూడా కనిపిస్తాయి. ఇందులో వింతేమీ లేదు. 1956 నవంబర్ 1 దాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ మైసూరుకు పోయింది, ఖేడ్ మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. పెళ్లి సంబంధాలు, సంతలు, దవాఖానాలు పాత దారినే నడుస్తున్నాయి. పన్ను ఒక్కటే కొత్త గీత దగ్గర ఆగి నంబర్ ప్లేటు చూస్తుంది.

ఆఫ్రికాలో ఉద్యోగం చేసేవాడికి బండి ఖర్చు ఎంత అన్న ప్రశ్నకు జవాబు బీదర్ రోడ్డు మీద మొదలుపెట్టడానికి కారణం ఉంది. పరాయిచోట బండి ఖరీదును ఇంజను నిర్ణయించదు, కంపెనీ కూడా నిర్ణయించదు. ఆ బండి ఎన్ని గీతలు దాటి వచ్చింది, మీరు ఎప్పుడు ఆ చోటు విడిచి వెళ్తారు అన్న రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఈ రెండూ ఖేడ్‌లో చిన్న అంకెల్లో కనబడతాయి, నైరోబీలో పెద్ద అంకెల్లో.

ముందు మన లెక్క చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారు మీద జీఎస్టీ 18 శాతం. తెలంగాణలో 2022లో సవరించిన రేట్ల ప్రకారం ఐదు నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. అంటే ఫ్యాక్టరీ వంద రూపాయలు అడిగే కారు జీఎస్టీతో 118 అవుతుంది, లైఫ్ ట్యాక్స్ కట్టాక 134న్నర దాటుతుంది. బీదర్‌లో కొంటే తగ్గుతుందా అంటే, కర్ణాటకలోనూ అదే ధరల మెట్టుకు 14 శాతమే, పైన సెస్సు అదనం. కొత్త బండికి సరిహద్దు దాటడంలో లాభం లేదన్నమాట. ఎవరి పట్టిక చూసి ఎవరు రాసుకున్నారో తెలియదు గానీ, రెండు ప్రభుత్వాలకూ ఇంత ఏకాభిప్రాయం నదీజలాల్లో ఎన్నడూ కుదరలేదు.

లాభం కనబడేది పాత బండిలో, డీజిల్‌లో. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27. కర్ణాటక 2024 జూన్‌లో పెంచినప్పుడు పెట్రోల్ మీద 29.84 దగ్గరే, 2025 ఏప్రిల్‌లో మళ్లీ పెంచినప్పుడు కూడా డీజిల్ మీద 21.17 దగ్గరే ఆగింది. అందుకే బీదర్‌కు పనిమీద పోయినవాడు ట్యాంకు నింపుకొని వస్తాడు. ట్యాంకు నింపడం కోసమే బీదర్ పోయేవాడు కూడా ఉంటాడు. పోనూ రానూ ఎంత తాగిందో అతను లెక్క కట్టడు.

పాత బండిది మరో కథ. అక్కడి కారు ఇక్కడ చౌకగా దొరుకుతుంది, కొంటాం. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగులు కోసం అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి. ‘లైఫ్’ ట్యాక్స్ అంటే బండి జీవితకాలమంతా అనుకుంటాం. ఆ రాష్ట్రంలో ఉన్నంత వరకే అన్నది గీత దాటాక అర్థమవుతుంది. ఈ ఖర్చంతా కలిపి చూస్తే, బేరంలో ముప్పై వేలు తగ్గినా అవి ఎటు పోయాయో కనబడదు.

ఇక ఆఫ్రికా. అక్కడికి తెలుగువాళ్లు పోవడం ఈనాటిది కాదు. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ఓడతోనే మొదలైన కూలీల వలసలో తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల మనవలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇప్పుడు పోయేవాళ్లు వేరు: మందుల కంపెనీల మనుషులు, అకౌంటెంట్లు, టీచర్లు, ఇంజినీర్లు. ఖేడ్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఉంది కదా, 1972 నుంచి జొన్నలు, కందుల మీద పని చేస్తున్న సంస్థ. దాని కేంద్రాలు నైరోబీ, బమాకో, నియామే, బులవాయో, లిలాంగ్వేల్లోనూ ఉన్నాయి. మన జిల్లాకు ఆఫ్రికా అనుకున్నంత దూరం కాదు.

ఆ ఐదు ఊళ్ల పేర్లలోనే మొదటి ఖర్చు దాగి ఉంది. నైరోబీ, బులవాయో, లిలాంగ్వేల్లో బండ్లు మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. బమాకో, నియామేల్లో కుడివైపు. బ్రిటిష్ వాళ్లు పాలించిన చోట ఎడమ, ఫ్రెంచి వాళ్లు పాలించిన చోట కుడి అని స్థూలంగా చెప్పుకోవచ్చు. అయితే నైజీరియా 1972 ఏప్రిల్‌లో, ఘనా 1974 ఆగస్టులో చుట్టూ ఉన్న దేశాలను చూసి ఎడమ నుంచి కుడికి మారిపోయాయి. దీని ఫలితం నేరుగా జేబు మీద పడుతుంది. జపాన్ కూడా ఎడమవైపు నడిచే దేశమే. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకు ఒకసారి ఖరీదైన తనిఖీ తప్పనిసరి కాబట్టి, నిక్షేపంగా ఉన్న కార్లనే జనం వదిలేసుకుంటారు. అవి ఓడలెక్కి మొంబాసా, దార్ ఎస్ సలామ్, డర్బన్ రేవుల్లో దిగుతాయి. కుడివైపు నడిచే పశ్చిమ ఆఫ్రికాకు పాత కార్లు ఎక్కువగా యూరప్, అమెరికాల నుంచి వస్తాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2015–2018 మధ్య యూరప్, జపాన్, అమెరికాల నుంచి ఇతర దేశాలకు పోయిన పాత కార్లు, చిన్న వాహనాలు కోటీ నలభై లక్షలు. అందులో పెద్ద వాటా ఆఫ్రికాదే.

కెన్యా లెక్క కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మిగతా తూర్పు ఆఫ్రికా దేశాలదీ కొద్ది తేడాలతో ఇదే పద్ధతి. పాత కారు విలువ మీరు జపాన్‌లో ఎంతకు కొన్నారన్నదాన్ని బట్టి కట్టరు. ఆ మోడల్ కొత్తది కెన్యాలో ఎంతకు అమ్ముతుందో కెన్యా రెవెన్యూ అథారిటీ దగ్గర ఒక జాబితా ఉంటుంది. అందులోంచి బండి వయసు ప్రకారం తరుగు, ఆ ధరలో కలిసి ఉన్న పన్నులు తీసేసి విలువ తేలుస్తారు. మీరు బేరమాడి తగ్గించుకున్నది మీ తృప్తికి మాత్రమే. ఆ విలువ వంద అనుకోండి. దిగుమతి సుంకం 35 శాతం, మొత్తం 135. దాని మీద ఎక్సైజు: పదిహేను వందల సీసీ దాటిన మామూలు కారుకు 25 శాతం, మొత్తం 168 పైచిలుకు. దాని మీద వ్యాట్ 16 శాతం, దాదాపు 196. ఇవి కాక దిగుమతి డిక్లరేషన్ రుసుము రెండున్నర, రైల్వే అభివృద్ధి లెవీ రెండు. మొత్తం రెండు వందలు. కారు కొన్నవాడు రైల్వేకు ఎందుకు కట్టాలని అడగకండి. రైలెక్కేవాడికి కారు అక్కర్లేదు కాబట్టి కారు కొన్నవాడే దొరికాడు.

మన వంద 134న్నర అయితే వాళ్ల వంద రెండు వందలు అవుతుందన్నమాట. ఓడ కిరాయి ఆ విలువలోనే కలిసి ఉంటుంది.

పైగా వయసు నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ అయి ఎనిమిదేళ్లు దాటిన బండిని కెన్యా దిగనివ్వదు. స్టీరింగు కుడివైపు ఉండి తీరాలి. ఓడెక్కే ముందే జపాన్‌లో తనిఖీ కాగితం తీసుకోవాలి. ఉగాండా ఇంకో దారి పట్టింది: 2018 చట్టంతో పదిహేనేళ్లు దాటిన బండి దిగుమతిని నిషేధించి, తొమ్మిదేళ్లు దాటినవాటి మీద విలువలో సగం పర్యావరణ లెవీ వేసింది. దక్షిణాఫ్రికా పాత కార్లను దాదాపు రానివ్వదు, తన ఫ్యాక్టరీలను కాపాడుకోవడానికి; డర్బన్‌లో దిగేవి పక్క దేశాలకు పోయేవే. అక్కడ 2020 నుంచి టొయోటా స్టార్లెట్ పేరుతో అమ్మే కారు మాత్రం గుజరాత్‌లో తయారైన సుజుకీ బలెనోయే. బలెనో నడిపిన అలవాటు ఉన్నవాడికి జోహానెస్‌బర్గ్‌లో బానెట్ కింద అంతా తెలిసిన సరుకే.

గీత ఉన్నచోట గీత వ్యాపారం ఉంటుంది. నైజీరియా పక్కన చిన్న దేశం బెనిన్. దాని కోటోనూ రేవులో దిగిన పాత కార్లలో చాలా భాగం బెనిన్ కోసం కాదు, నైజీరియా కోసమే. సుంకం బెనిన్‌లో తక్కువ, గిరాకీ నైజీరియాలో ఎక్కువ. నైజీరియా 2017 జనవరి 1 నుంచి భూమార్గాన కార్ల దిగుమతిని నిషేధించింది, 2019 ఆగస్టులో సరిహద్దులే మూసింది, 2020 డిసెంబర్‌లో మళ్లీ తెరిచింది. ఇలా దొడ్డిదారిన వచ్చిన కారు లాగోస్‌లో చౌకగా దొరికిందని కొన్న విదేశీయుడు, కస్టమ్స్ కాగితం అడిగినప్పుడు మొత్తం సుంకం తానే కట్టాల్సి రావచ్చు, లేదా బండే వదులుకోవాల్సి రావచ్చు. ఖేడ్‌లో ఎన్ఓసీ లేని కేఏ బండి కొన్నవాడికి ఈ బాధ తెలుసు. కాకపోతే ఖేడ్ నుంచి బీదర్ ఆర్టీఓకు పొద్దున పోయి సాయంత్రం రావచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది కొనే ఖర్చు. చాలామంది ఇక్కడే ఆగి, రెట్టింపు ధరా అని భయపడతారు. నిజానికి ఆ భయం సగమే సరైనది. కట్టిన పన్ను కారు ధరలోనే ఉండిపోతుంది. రేపు మీరు అమ్మితే కొనేవాడు ఆ పన్నును కూడా కొంటాడు, ఎందుకంటే అతను కొత్తగా దిగుమతి చేసుకున్నా అంతే కట్టాలి. అందుకే మన దగ్గర షోరూం గేటు దాటగానే విలువ కోల్పోయే కారు, నైరోబీలో అంత తొందరగా పడిపోదు. నైజీరియాలో ఇది మరీ విచిత్రంగా జరిగింది. 2023 జూన్‌లో నైరాను మార్కెట్టుకు వదిలేశాక డాలరుకు నాలుగు వందల అరవై చిల్లర ఉన్నది 2024 తొలి నెలలకల్లా పదిహేను వందలకు చేరింది. బ్యాంకులో నైరాలు దాచుకున్నవాడి సొమ్ము కరిగింది. దిగుమతి కారు ధర డాలరుతో పాటు లేచేది కాబట్టి కారు కొనుక్కున్నవాడి సొమ్ము కొంతైనా నిలిచింది. అంతకుముందే, 2023 మే 29న పెట్రోల్ రాయితీ ఎత్తేస్తే రెండు వందల నైరాల లోపు ఉన్న లీటరు రోజుల్లోనే ఐదు వందలకు వెళ్లింది. కారు విలువ పెరిగి, కారు తిప్పే శక్తి తగ్గింది.

అసలు నష్టం తేదీలో ఉంది. ఉదాహరణకు నైరోబీలో ఇరవై లక్షల షిల్లింగులకు కారు కొన్నారనుకుందాం. మూడేళ్లు నడిపి, తీరిగ్గా పద్నాలుగు లక్షలకు అమ్మారు. పోయింది ఆరు లక్షలు, నెలకు పదహారు వేల ఏడు వందల లోపే. అదే కారు ఆరు నెలలకే, కాంట్రాక్టు రద్దయి, విమానం టికెట్ చేతిలో పెట్టుకుని అమ్మాల్సి వచ్చింది. పదిహేను లక్షలు వచ్చినా నెలకు ఎనభై మూడు వేలు పోయినట్టు. వెళ్లిపోయేవాడి తొందర కొనేవాడికి ముఖం చూడగానే తెలుస్తుంది. ఖేడ్‌లో బదిలీ ఆర్డరు వచ్చిన బ్యాంకు మేనేజరు బండిని అమ్మజూపినప్పుడు కూడా ఊరంతా అదే ధర చెబుతుంది, ముందే మాట్లాడుకున్నట్టు.

నడిపే ఖర్చుల్లో పెట్రోల్ గురించే అందరూ అడుగుతారు, అది చెప్పడం సులువు: కెన్యాలో ప్రతినెలా 14వ తేదీన ప్రభుత్వ నియంత్రణ సంస్థ ధర ప్రకటిస్తుంది, రూపాయల్లోకి మార్చి చూసుకోవడమే. బీమా దగ్గర జాగ్రత్త కావాలి. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజును బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కారుకు 2022 నుంచి ఏడాదికి 3,416 రూపాయలు. అక్కడ మీరు తీసుకునే సమగ్ర బీమా కారు విలువలో ఇంత శాతం. ఆ విలువలో సగం పన్నే కాబట్టి పన్నుకు కూడా బీమా కడుతున్నట్టు లెక్క.

విడిభాగాల సంగతి అక్కడి మెకానిక్కుల చేతుల్లో ఉంది. కంపాలాలో కిసెక్కా మార్కెట్టు, నైరోబీలో కిరిన్యగా రోడ్డు, ఘనాలో కుమాసీ ఊరి సువామే మ్యాగజీన్ — పాత బండ్ల భాగాలకు పేరుపడ్డ చోట్లు. ఊళ్లో ఎక్కువగా తిరిగే టొయోటా అయితే ఏ భాగమైనా దొరుకుతుంది. ముచ్చటపడి యూరోపియన్ కారు కొన్నవాడు భాగం కోసం వారాల తరబడి కాచుకుంటాడు, ఆ వారాల్లో టాక్సీ కిరాయి కూడా కారు ఖర్చే. కొత్త దేశంలో మోడల్ ఎంపికకు సర్వే అక్కర్లేదు. టాక్సీవాళ్లు ఏది నడుపుతున్నారో చూస్తే చాలు. రెండు చక్రాలకూ అదే సూత్రం. కంపాలా బోడా బోడా (బైకు టాక్సీ) వాళ్ల కింద బజాజ్ బాక్సర్ ఊరికే లేదు.

డ్రైవింగ్ లైసెన్సు సంగతికొస్తే, వెయ్యి రూపాయలు కట్టి ఇక్కడి ఆర్టీఓ నుంచి అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి లైసెన్సు తప్పదు. అంతర్జాతీయ సంస్థల్లో, రాయబార కార్యాలయాల్లో కొన్ని హోదాల వారికి సుంకం లేకుండా కారు కొనుక్కునే సదుపాయం ఉంటుంది. విన్నప్పుడు బాగుంటుంది. ఆ కారును సుంకం కట్టాల్సినవాడికి అమ్మితే, వదిలేసిన సుంకం అప్పుడు ఎవరో ఒకరు కట్టాలి. ఎవరన్నది బేరంలో తేలుతుంది, తొందర ఎవరిదో వాళ్ల మీదే పడుతుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఆఫ్రికా ఉద్యోగానికి సిద్ధమవుతుంటే, జీతం సంగతి అయ్యాక కంపెనీని మూడు అడగమనండి: బండి కంపెనీది ఇస్తారా, డ్రైవరు జీతం ఎవరిది, మధ్యలో పంపేస్తే సొంత బండి మీద వచ్చే నష్టం ఎవరు భరిస్తారు. జవాబులు ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. కాంట్రాక్టు రెండేళ్లకు తక్కువైతే సొంత బండి కొనవద్దు. కిరాయి బండి ఎంత ఖరీదనిపించినా మొత్తం మీద చౌక. మూడేళ్లు దాటి ఉండేటట్టయితే ఊళ్లో అందరూ నడిపే టొయోటా, అక్కడి కస్టమ్స్ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నది, అక్కడే కొనండి. తిరిగి వచ్చే తేదీ తెలిసిన రోజే అమ్మకానికి పెట్టండి, టికెట్ కొన్నాక కాదు.