కొల్లేటి గట్టున పక్షుల సందర్శనము

వసంతకాలమున కొల్లేటి పక్షులను చూడదలచిన జట్టు కైకలూరు దాపుననున్న ఆటపాకకు తెల్లవారుసరికే చేరవలెను. ఎండ ముదిరినచో పక్షులు కదలవు. పదిమందికి మించక, గట్టుమీద ఒకరి వెనుక ఒకరు మెల్లగా నడువవలెను. మన తెల్లపంచెకట్టు ఇచ్చట పనికిరాదు. పక్షులు దూరమునుండియే గుర్తుపట్టును.

చలికాలము ఇక్కడ గడిపిన సూదితోక బాతులు ఫాల్గుణ, చైత్రములలో ఉత్తరమునకు తరలిపోవును. గూడబాతుల సంగతి వేరు. ఇవి చెట్లమీదను, అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీదను గూళ్లు కట్టి పిల్లలను పెంచును. జనము మరీ దగ్గరకు పోయినచో తల్లి లేచిపోవును. ఈకలు రాని పిల్ల ఎండకు మాడి చచ్చును, లేదా కాకులపాలగును. కావున దూరమున నిలిచి దుర్భిణితో చూడుడు.

గూడబాతులు చేపలు తినుట నిజమే. చేపల చెరువులవారి కోపము అకారణము కాదు. అయితే సరస్సు నేలనే చెరువులుగా మార్చుటవలన వాటి మేతపట్టు తగ్గినదని మరువరాదు. ప్రభుత్వము 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించి, 2006లో అనేక చెరువుల గట్లు తెగగొట్టించినది.

నీటిపక్షుల రెట్ట మంచి ఎరువు. తమిళనాట చెంగల్పట్టు జిల్లా వేదాంతంగల్ చెరువుక్రింది రైతులు ఆ రెట్టతో సారమెక్కిన నీటినే వరికి పారించుకొనుచు, తరతరాలుగా అక్కడి పక్షులను వేటగాండ్రనుండి కాపాడుచు వచ్చినారు.