గదులు కట్టేముందు పంచాంగం చూడండి

ద్వారకా తిరుమలలో పెళ్లికి వెళ్లి, గది దొరక్క అవస్థ పడ్డవాళ్లకు తిరుగు ప్రయాణంలో ఒక ఆలోచన వస్తుంది. ఇక్కడో నాలుగు సెంట్లు కొని ఎనిమిది గదులు వేస్తే? గదికి రోజుకు వెయ్యి. ఎనిమిది గదులకు ఎనిమిది వేలు. ఏడాదికి 29 లక్షల 20 వేలు! బస్సు భీమడోలు చేరేలోగా లెక్క పూర్తవుతుంది, మేడా లేస్తుంది.

ఈ లెక్కలో గుణకారం తప్పు లేదు. 365 అన్న అంకె ఒక్కటే తప్పు.

చిన్న తిరుపతి అని పిలిచే ఈ ఊళ్లో గదులు నింపేది క్యాలెండరు కాదు, పంచాంగం. ముహూర్తం ఉన్న రోజున రెండు వైపుల పెళ్లివారూ దిగుతారు, ఎంత అడిగితే అంత ఇస్తారు. వైశాఖంలోనూ ఆశ్వయుజంలోనూ, ఏటా రెండుసార్లు జరిగే స్వామివారి కల్యాణోత్సవాలప్పుడూ అంతే. శనివారాలు సరేసరి. మరి ఆషాఢం, భాద్రపదం, పుష్యం? పెళ్లిళ్లుండవు. గురు, శుక్ర మూఢాలు వస్తే ఇంకొన్ని వారాలు పోతాయి. రెండున్నర ఏళ్లు దాటాక ఒక అధికమాసం వస్తుంది. 2023లో శ్రావణం అలాగే రెండు నెలలయింది, మొదటి నెలలో ముహూర్తాలు లేవు. బ్యాంకు కిస్తీకి మాత్రం మూఢం ఉండదు.

‘పెళ్లిళ్లు లేకపోతేనేం, భక్తులు రోజూ వస్తారుగా’ అంటారా? వస్తారు. ఏలూరు నుంచి వచ్చేవాళ్లకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున బయల్దేరి, తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. రాత్రి ఉండేవాళ్లకు దేవస్థానం వారి సత్రాలున్నాయి. మీ గది అద్దెకు పైకప్పు వేసేది అవే. వాటికన్నా మరీ ఎక్కువ అడిగితే మామూలు రోజున మీ మెట్లెక్కేవాళ్లుండరు.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. ఒక గది ఒక రాత్రి నిండితే దాన్ని ఒక ‘గది రాత్రి’ అందాం. ఇక్కడి అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, మీరు విచారించి మీవి పెట్టుకోండి. ముహూర్తాలూ ఉత్సవాలూ కలిపి 40 రోజులు ఎనిమిది గదులూ నిండాయనుకుంటే 320. శని, ఆదివారాలు 90 రోజులు ఐదేసి గదులు చొప్పున 450. మిగిలిన 235 రోజులు రోజుకొక గది, 235. మొత్తం 1,005 గది రాత్రులు. ఉన్నవి 2,920. అంటే మూడు గదుల్లో ఒకటి నిండినట్టు. రాబడి సుమారు 10 లక్షలు.

ఖర్చు? ఇద్దరు పనివాళ్లకు నెలకు 12 వేల చొప్పున ఏడాదికి 2 లక్షల 88 వేలు. దుప్పట్లు ఉతికించడానికీ, సబ్బులకూ, మంచినీళ్లకూ గది రాత్రికి 150 చొప్పున లక్షన్నర. వాణిజ్య రేటులో కరెంటు లక్షా 20 వేలు. పరుపులు, కుళాయిలు, రంగులకు లక్ష. పన్నులు, లైసెన్సులు, గిరాకీ తెచ్చినవాళ్ల కమిషన్ కలిపి మరో లక్షా 10 వేలు. పోగా మిగిలేది 2 లక్షల 36 వేల చిల్లర. స్థలంతో కలిపి 70 లక్షలు పెట్టారనుకుంటే నూటికి ఏడాదికి మూడున్నర రూపాయలు కూడా కాదు.

పెళ్లిళ్ల సీజనులో ఇంకాస్త పిండుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ 40 రోజులూ ఎలాగూ నిండినవే. గదికి ఐదు వందలు ఎక్కువ తీసుకున్నా వచ్చేది లక్షా 60 వేలు. అదే, ఖాళీగా ఉండే మామూలు రోజుల్లో ఒక గదికి బదులు మూడు నిండితే 470 గది రాత్రులు అదనం. రాత్రికి 150 ఖర్చు పోను దాదాపు 4 లక్షలు. ఈ వ్యాపారంలో లాభం తేలేది ముహూర్తం రోజున కాదు, మంగళవారం నాడు. అందుకే స్థలం చూడటానికి ఊరి కిటకిట రోజున వెళ్లకండి. ఆషాఢంలో ఒక మంగళవారం రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఏ మేడలో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో చూడండి.

ఇంత తలనొప్పి ఎందుకు, నెల అద్దెకు వాటాలు కట్టి ఇస్తే? ఉద్యోగులూ, టీచర్లూ, దుకాణదారులూ ఉంటారు. 50 లక్షలు పెట్టి నాలుగు వాటాలు, ఒక్కోటి నెలకు 5 వేలు అనుకుందాం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. అద్దెవాళ్లు మారేటప్పుడు వాటాకు ఏడాదిలో ఒక నెల ఖాళీ ఉంటే 20 వేలు పోతాయి. మరమ్మతులకు 20 వేలు, ఇంటిపన్నుకు 5 వేలు. చేతిలో లక్షా 95 వేలు. నూటికి ఏడాదికి 3 రూపాయల 90 పైసలు. మన పల్లెటూరి వడ్డీ లెక్కలో చెప్పాలంటే, రూపాయి వడ్డీకి ఇచ్చేవాళ్లున్న ఊళ్లో ముప్పై మూడు పైసల వడ్డీ. స్థలం ధర పెరుగుతుందన్నది వేరే ఆశ. ఆ ఆశను అద్దె లెక్కలో కలపకూడదు.

పెట్టిన 50 లక్షల్లో 20 లక్షలు బ్యాంకు అప్పయితే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల కిస్తీ నెలకు 17,356 రూపాయలు. మీ చేతికొచ్చేది నెలకు 16,250. నెలనెలా పదకొండు వందలు జేబులోంచి వేయాలి. అది భరించగలిగితేనే దిగండి.

వాటాలు కట్టేవాళ్లు చేసే ఒక పొదుపు మాత్రం నాకు అర్థం కాదు: అన్నింటికీ ఒకే కరెంటు మీటరు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు రేటు వాడకంతో పాటు మెట్లెక్కుతుంది. 2022 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. మూడు వాటాలు తలా వంద యూనిట్లు వాడితే, విడి మీటర్లకు ఒక్కోటి 304 రూపాయల 50 పైసలు, మొత్తం 913. ఒకే మీటరు మీద అవే 300 యూనిట్లకు 1,673. ఇతర చార్జీలు కలపకుండానే నెలకు 760 తేడా. ఈ తేడా ఎవరు కట్టాలన్న దగ్గరే సగం ఇళ్లలో మాటలు పెరుగుతాయి.

‘పన్నెండేళ్లుంటే ఇల్లు అద్దెవాడిదైపోతుందట కదా?’ అందరి భయమూ ఇదే. కాదు. పన్నెండేళ్ల నియమం యజమానిని కాదని, ఇది నాదేనంటూ బాహాటంగా ఆక్రమించుకున్నవాళ్ల సంగతి. అద్దె కడుతున్నవాడు ఇల్లు మీదేనని నెలనెలా ఒప్పుకుంటున్నట్టే. ఆ ఒప్పుకోలుకు సాక్ష్యం ఉండాలి కాబట్టి అద్దె బ్యాంకు ఖాతాలో వేయించుకోండి, నగదు తీసుకుంటే రసీదివ్వండి. పదకొండు నెలల కాగితం వెనక కిటుకు కూడా పెద్దదేం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది మించిన లీజునే రిజిస్టరు చేయించమంటుంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు అలవాటైంది. కానీ మన రాష్ట్రంలో ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం గడువు ఎంతైనా లీజును రిజిస్టరు చేయించాల్సిందే. గడువు తీరగానే కొత్త కాగితం రాసుకోండి. అందులో అడ్వాన్సు ఎంత, రంగుల ఖర్చు ఎవరిది, ఖాళీ చేసేముందు ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి ఉండాలి.

ఆదాయపు పన్నుకు ప్రభుత్వం ఒక సౌకర్యం ఇచ్చింది. వచ్చిన అద్దె 2 లక్షల 20 వేలలోంచి ఇంటిపన్ను 5 వేలు తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద వదిలేస్తారు. మీరు రూపాయి ఖర్చు పెట్టినా, లక్ష పెట్టినా అదే 30. పన్ను లెక్కలోకి వచ్చేది లక్షా 50 వేల చిల్లర. అప్పుంటే వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. పై అప్పుకు మొదటి ఏడాది వడ్డీయే లక్షా 68 వేల దాకా ఉంటుంది కాబట్టి అద్దె మీద పన్నేమీ పడదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు మాత్రం మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. రోజువారీ గదులకు ఈ 30 శాతం వర్తించదు. అది వ్యాపారం, దాని లెక్క వేరు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదూ తప్పదు.

ఇవన్నీ స్థలం చేతికొచ్చాక చూసుకునే లెక్కలు. కొనేముందు 22ఏ జాబితా చూడండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక అది. ప్రభుత్వ భూములతో పాటు దేవాదాయ భూములూ అందులో ఉంటాయి, గుడి ఊళ్లో ఆ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలూ తాకట్ల చిట్టా, తీయించండి. ఇక్కడ ధర చూసి బెదిరి కొల్లేరు వైపు చెరువు లీజులకు పోదామనుకునేవాళ్లకు ఇంకో మాట: సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న సరస్సు ప్రాంతం, 308 చదరపు కిలోమీటర్లు, 1999 నుంచి అభయారణ్యం. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించింది. ఆ ఐదో కాంటూరుకు మీరు చూస్తున్న సర్వే నంబరు లోపలుందో, బయటుందో అడ్వాన్సు ఇవ్వకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.