బిడ్డ విదేశమునకు తరలిపోయినప్పుడు: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పూర్వము ఆలుమగల తగవు ఊరి పొలిమేర దాటుట అరుదు. నలుగురు పెద్దలు కూర్చుండి ఇరుపక్షములకు నచ్చజెప్పి ఏదో యొక ఏర్పాటు చేసెడివారు. నేడు కోనసీమ, కడప, కరీంనగరు ప్రాంతముల గ్రామములనుండి ఎందరో గల్ఫు దేశములకును, అమెరికాకును వెళ్లి జీవించుచున్నారు. సంసారము చెడినప్పుడు దంపతులలో ఒకరు రెండవవారికి తెలుపకయే బిడ్డను విదేశమునకు తీసికొనిపోవుటయు జరుగుచున్నది. అట్టి తల్లి గాని తండ్రి గాని మొట్టమొదట వచ్చునది పంచాయతీ సభ్యుని గుమ్మమునకే. కావున ఈ విషయమున సభ్యులు కొన్ని సంగతులు ఎరిగియుండుట అవసరము.

హేగ్ ఒడంబడిక

ఇట్టి తగవుల కొరకు 1980లో హేగ్ నగరమున ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఏర్పడినది. పదునారేండ్ల లోపు బిడ్డను అక్రమముగా తరలించినచో, సామాన్యముగా ఆ బిడ్డను పూర్వము నివసించిన దేశమునకు తిరిగి పంపవలెనని దాని సారాంశము. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా మొదలగు దేశములు ఇందు చేరినవి. భారతదేశము చేరలేదు. చేరవలెనని లా కమిషను 2009లో సిఫారసు చేసినది. అయితే హింస భరింపలేక బిడ్డతో స్వదేశమునకు వచ్చిన స్త్రీలకు దీనివలన చిక్కు కలుగునను అభ్యంతరము కలదు. ఏమైనను, మన ఊరినుండి తరలిపోయిన బిడ్డ కొరకు ఆ ఒడంబడిక క్రింద కోరుటకు వీలు లేదు.

అయినచో మార్గమేమి?

1890 నాటి గార్డియన్ల చట్టము ప్రకారము, బిడ్డ సాధారణముగా నివసించు ప్రాంతపు జిల్లా కోర్టులో గాని, కుటుంబ న్యాయస్థానమున్న చోట అందు గాని దరఖాస్తు చేయవచ్చును. న్యాయస్థానము అన్నిటికంటె బిడ్డ క్షేమమునే చూచును. హిందువుల విషయమున, అయిదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగా తల్లి వద్దనే యుండవలెనని 1956 నాటి చట్టము చెప్పుచున్నది.

ఇచ్చట కాలము ముఖ్యము. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రములందును అమలులోనున్న చట్టము, దావాకు పూర్వము ఆరు మాసములు బిడ్డ ఎచ్చట నివసించెనో అచ్చటి కోర్టుకే ముందుగా అధికారమిచ్చును. పరదేశపు కోర్టును కూడ అటులనే గౌరవించును. కావున బిడ్డ వెళ్లిన ఆరు మాసములలోపల ఇక్కడ దావా వేసి, ఎదుటి పక్షమునకు సక్రమముగా నోటీసు అందజేసి పొందిన ఉత్తరువును అక్కడ నమోదు చేయించి అమలు కోరవచ్చును. ఆలస్యమైనచో అధికారము అక్కడి కోర్టుకు పోవును. గల్ఫు దేశములలో వారి చట్టములే నడచును. అక్కడి కోర్టునే ఆశ్రయింపవలెను. మన రాయబార కార్యాలయము న్యాయవాదులను సూచింపగలదు గాని, బిడ్డను తానై తెచ్చి యియ్యజాలదు.

సభ్యులు చేయదగిన పనులు

1. రాజీ యత్నము మంచిదే. కాని "దసరాకు తీసికొని వచ్చును, సంక్రాంతికి వచ్చును" అని నమ్మించి దావాను ఆపుట బిడ్డను శాశ్వతముగా దూరము చేయుటయే కావచ్చును. బిడ్డ ఎవరివద్ద ఉండవలెనో తీర్పు చెప్పు అధికారము పంచాయతీకి లేదు. తెల్లకాగితములపై సంతకములు తీసికొనరాదు.

2. బిడ్డ ఈ ఊరిలో పెరిగినదనుటకు ఊరి రికార్డులే సాక్ష్యము. జనన నమోదు, అంగన్‌వాడీ పుస్తకము, టీకాల కార్డు, పాఠశాల ప్రవేశ పట్టిక—వీని నకళ్లను వెంటనే ఇప్పింపవలెను. తెలుగునాట 2002 చట్టము ప్రకారము వివాహ నమోదు తప్పనిసరి. ఊరిలో జరిగిన ప్రతి పెండ్లిని నమోదు చేయించుటకు సభ్యులు పూనుకొనవలెను.

3. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయ సహాయము లభించును. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ప్రవాస భారతీయులను పెండ్లాడిన స్త్రీల ఫిర్యాదులకై జాతీయ మహిళా కమిషనులో 2009 నుండి ప్రత్యేక విభాగము కలదు.

4. బిడ్డను తరలింతురను అనుమానము ముందే కలిగినచో ఆలస్యము కూడదు. చిన్నపిల్లల పాసుపోర్టునకు సామాన్యముగా తలిదండ్రులిద్దరి సమ్మతి కోరుదురు. తన సమ్మతి లేదని పాసుపోర్టు కార్యాలయమునకు వ్రాసి, బిడ్డను దేశము దాటింపరాదని కోర్టులో నిషేధపుటుత్తరువు కోరవలెను.

విదేశమునుండి బిడ్డతో తిరిగివచ్చిన తల్లి మన ఊరిలోనే యుండవచ్చును. అక్కడి కోర్టు ఉత్తరువు ఉన్నంత మాత్రమున బిడ్డను అప్పగింపనక్కరలేదనియు, బిడ్డ క్షేమమే ప్రధానమనియు 2017లో సుప్రీం కోర్టు చెప్పినది. అట్లని ఆ ఉత్తరువును లెక్క చేయకుండుట తగదు. ఆమెయు వెంటనే న్యాయవాదిని కలిసికొనవలెను.

బిడ్డకు దూరమైనవారి దుఃఖము మాటలతో తీరునది కాదు. రచ్చబండపై తప్పొప్పులు విచారించుట వారికి మరింత బాధ. వీలైనంతవరకు ఫోనులో బిడ్డతో మాటలు సాగునట్లు చూడుడు. ఆ మాటలలో రెండవవారిని నిందింపవలదని నచ్చజెప్పుడు. కోర్టు ఎవరికి అప్పగించినను ఆ బిడ్డకు తల్లియు తండ్రియు ఇద్దరును కావలెను. కబురు అందిన దినముననే రికార్డులతో బాధితులను న్యాయ సహాయ కార్యాలయమునకు చేర్చిన సభ్యుడు తన కర్తవ్యమును నెరవేర్చినవాడగును.