పాత కారు కొంటున్నారా? క్రింద వంగి చూడండి



నేడు పల్లెటూళ్లలో సైతం ఎన్నో కుటుంబాలు కారు కొనుక్కొంటున్నాయి. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి, ఇంటిల్లిపాదీ ఆదివారం ఆరాధనకు వెళ్లడానికి అది ఎంతో ఉపయోగం. క్రొత్తది కొనే స్తోమత లేనివారు పాత కారు కొంటారు. పంట అమ్మిన డబ్బో, పిల్లల చదువుకు దాచిన సొమ్మో అందులో పెడతారు. కనుక తొందరపడకూడదు.

రంగు చూసి మోసపోవద్దు

టైర్లు అరిగితే మార్చుకోవచ్చు. ఇంజను చెడితే బాగుచేయించవచ్చు. కాని చక్రాలను మోసే భాగాలు అతికి ఉన్న చోట బాడీని తుప్పు తినివేస్తే ప్రయాణంలో ప్రాణానికే ముప్పు. అటువంటి కారు ఎంత చవకగా వచ్చినా వద్దనండి.

ఇనుముకు గాలి, తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే అది మరింత త్వరపడుతుంది. అందుచేత మచిలీపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో తిరిగిన కారును మరింత శ్రద్ధగా చూడాలి.

పగటి వెలుగులో, కారు పొడిగా ఉన్నప్పుడు చూడండి. తలుపుల అడుగు అంచులు, చక్రాలపై వంపులు, బ్యాటరీ క్రింది పళ్లెం, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట పరీక్షించండి. మ్యాట్లు ఎత్తి నేలను తడిమి చూడండి. రంగు బుడగలుగా ఉబ్బితే లోపల తుప్పు ఉన్నట్లే. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఇనుప రేకుపై ఆనించండి. ఒకచోట పట్టి మరొకచోట జారిపోతే అక్కడ లప్పం పెట్టి రంగు వేశారేమోనని అనుమానించాలి. నమ్మకమైన మెకానిక్‌కు కొంత రుసుము ఇచ్చి, కారును పైకెత్తించి చూపించడం మంచిది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో అనేక వాహనాలు మునిగాయి. నీట మునిగిన కారు అవునో కాదో తెలుసుకోవడానికి సీటు బెల్టును చివరివరకు లాగండి. బురద మరకలు, సీటు పట్టాలకు తుప్పు, ముక్క వాసన ఉంటే జాగ్రత్తపడండి.

కాగితాలు

ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లను కారుపై ఉన్నవాటితో సరిచూడండి. అప్పుపై కొన్న కారైతే బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకోండి. ఫారం 29, 30లపై సంతకాలు చేయించి, ఆలస్యం చేయక ఆర్‌సీని, ఇన్సూరెన్సును మీ పేరుకు మార్పించుకోండి.

కొన్న తరువాత

* వర్షాకాలంలోను, ఉప్పునీటి చెరువుల దారిలో తిరిగిన తరువాతను కారు అడుగు భాగాన్ని మంచినీటితో కడిగించండి. ఉప్పు తేలే బోరు నీరు వాడవద్దు.
* తలుపుల క్రింద నీరు జారే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా చూడండి.
* తడిసిన మ్యాట్లను ఎండబెట్టండి. తడి కారుపై కవరు కప్పవద్దు.
* గీత పడి రేకు బయటపడితే వెంటనే ప్రైమరు, రంగు వేయించండి.
* అండర్ కోటింగ్ మంచిదే. అయితే ఉన్న తుప్పును గీకి, శుభ్రపరచి, ప్రైమరు పూసిన తరువాతనే వేయించాలి. లేనిచో తేమ లోపలే నిలిచి తుప్పు పెరుగుతుంది.
* కొందరు అడుగున డీజిలు, వాడిన ఇంజనాయిలు కొట్టిస్తారు. దానివలన రబ్బరు బుష్‌లు పాడవుతాయి.

నెలకు ఒకసారి అరగంట కేటాయించి ఇంటిల్లిపాదీ కలిసి కారును కడిగి, అడుగు భాగాన్ని చూసుకొంటే చాలు. తుప్పు రూపాయి బిళ్లంత ఉన్నప్పుడే ఆపితే ఖర్చు వందలలో తీరుతుంది. ఉపేక్షిస్తే వేలు దాటుతుంది.