లెక్కలు రాలేదని బడి మాన్పించకండి



మొన్న సాయంత్రం మన చదువు కేంద్రంలో పాఠం అయిపోయింది. అందరూ ఇళ్లకు వెళ్లారు. ఒక అక్క మాత్రం పలక పట్టుకొని గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏమైంది అక్కా?" అని అడిగాను.

"మా పిల్ల ఎనిమిదో తరగతి టీచరమ్మా. పరీక్షలో లెక్కలకు నూటికి 11 వచ్చాయి. వాళ్ల నాన్న బడి మాన్పించేద్దాం అంటున్నాడు. కూలికన్నా వస్తుంది, రెండేళ్లాగి సంబంధం చూద్దాం అంటున్నాడు. నాకా, లెక్కలు రావు. పిల్లకు ఏం చెప్పను?"

"మీకు లెక్కలు రావని ఎవరు చెప్పారు అక్కా? కిలో చిక్కుడుకాయలు 40 రూపాయలు. ముప్పావు కిలోకు ఎంత ఇస్తారు?"

"ముప్పై."

"ఎలా చెప్పారు?"

"అర కిలోకు ఇరవై. పావు కిలోకు పది. కలిపితే ముప్పై. ఇదీ ఒక లెక్కేనా?"

అవును, ఇదీ లెక్కే. బడిలో దీనికి భిన్నాలు అని పేరు. మన నోట్లో ఉన్న లెక్కనే బడిలో కాగితం మీద పెడతారు.

ఆరు నుంచి పది దాకా ఏం నేర్పుతారు?

హైస్కూలు అంటే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా. ఐదేళ్ల చదువు. పుస్తకాన్ని బట్టి ఏ పాఠం ఏ తరగతిలో వస్తుందో కొంచెం అటూ ఇటూ అవుతుంది. కానీ వరస మాత్రం ఇదే.

మొదట భిన్నాలు, దశాంశాలు వస్తాయి. అర, పావు, ముప్పావు ఇవే. వాటితో పాటే ఋణ సంఖ్యలు వస్తాయి. ఋణం అంటే అప్పు. చేతిలో 50 రూపాయలు ఉన్నాయి. అప్పు 80 రూపాయలు ఉంది. చేతిలో ఉన్నదంతా కట్టినా ఇంకా 30 బాకీ. ఆ బాకీనే –30 అని రాస్తారు. చేతిలో ఉన్నది ధనం, ఇవ్వాల్సింది ఋణం. క్రీస్తు శకం 628లో బ్రహ్మగుప్తుడు అనే పండితుడు తన పుస్తకంలో ఈ రెండు మాటలతోనే ఈ లెక్కలు రాశాడు. మన పిల్లలు నేటికీ ఆ మాటలే వాడుతున్నారు.

తర్వాత శాతాలు, వడ్డీ లెక్కలు. ఇవి మనకు చాలా అవసరం. ఊళ్లో అప్పు ఇచ్చేవాళ్లు "నూటికి మూడు రూపాయలు" అంటారు. వినడానికి తక్కువగా ఉంటుంది. కానీ అది నెలకు. బ్యాంకు వాళ్లు చెప్పేది ఏడాదికి. నెలకు మూడు అంటే ఏడాదికి 36. పదివేలు తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 వడ్డీ. దీన్ని బారువడ్డీ అంటారు.

ఏడాది తర్వాత వడ్డీ కట్టలేదు. ఆ వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాశారు. అప్పుడు 13,600 అసలు అవుతుంది. రెండో ఏడు వడ్డీ 3,600 కాదు, 4,896. మొత్తం బాకీ 18,496. వడ్డీకి వడ్డీ పడింది. దీన్ని చక్రవడ్డీ అంటారు. ఇది తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే నోటు మీద వేలిముద్ర వేసే ముందు మనల్ని ఆపుతుంది.

ఆ పైన బీజగణితం. ఇక్కడే చాలామంది పిల్లలకు భయం మొదలవుతుంది. అంకెల మధ్య అక్షరాలు వస్తాయి. "అంకెలకే దిక్కు లేదు, అక్షరాలు కూడానా!" అనుకుంటారు. ఆ అక్కను ఇంకో లెక్క అడిగాను. "పట్నం పోయి ఒకే ధర చీరలు ఐదు కొన్నారు. బస్సు చార్జీ 100 అయింది. మొత్తం ఖర్చు 2,100. ఒక్కో చీర ఎంత?"

"చార్జీ తీసేస్తే రెండు వేలు. ఐదు చీరలకు రెండు వేలంటే ఒకటి నాలుగు వందలు" అంది.

పుస్తకంలో ఇదే లెక్కను 5ఎక్స్ + 100 = 2,100 అని రాస్తారు. ఎక్స్ అంటే మనకు ఇంకా తెలియని చీర ధర. అంతే. ముందు 100 తీసేస్తారు. తర్వాత ఐదుతో భాగిస్తారు. ఆ అక్క చేసింది కూడా అదే.

తొమ్మిది, పది తరగతుల్లో కొలతలు, రేఖాగణితం, త్రికోణమితి వస్తాయి. మూడు మూలల స్థలం ఉందనుకోండి. దాని వైపులు 26, 28, 30 గజాలు. మూడు వైపులూ కొలిస్తే చాలు, స్థలం ఎంతో సూత్రంతో చెప్పవచ్చు. అది 336 చదరపు గజాలు. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. కాబట్టి ఆ స్థలం దాదాపు 7 సెంట్లు. "ఆరు సెంట్లే" అని ఎవరైనా అంటే మన పిల్ల లెక్క చూపించగలదు. చెట్టు ఎక్కకుండానే కొబ్బరిచెట్టు ఎత్తు చెప్పడం త్రికోణమితి పని.

మెట్టు ఎక్కడ విరిగింది?

మరి ఆ పిల్లకు 11 మార్కులే ఎందుకు వచ్చాయి? మర్నాడు పిల్లను పిలిచి నోటు పుస్తకం చూశాను. బీజగణితం లెక్కల్లో మొదటి వరస సరిగానే రాసింది. భిన్నం వచ్చిన చోటల్లా తప్పింది. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడిగాను. పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/5 అని రాసింది.

ఒక రొట్టె తెప్పించాను. ఆరు సమాన ముక్కలు చేయమన్నాను. సగం అంటే మూడు ముక్కలు. మూడో వంతు అంటే రెండు ముక్కలు. కలిపితే ఐదు ముక్కలు. అంటే 5/6. "నువ్వు రాసిన 2/5 సగం కంటే తక్కువ కదా! సగానికి ఇంకా కలిపితే తగ్గుతుందా?" అన్నాను. పిల్ల నవ్వింది. తర్వాత చాలాసేపు రొట్టె ముక్కల వైపే చూసింది.

"ఈ పాఠం చెప్పినప్పుడు నువ్వు బడిలో లేవా?" అని అడిగాను.

పిల్ల మాట్లాడలేదు. తల్లే చెప్పింది. "ఆ ఏడు నెల రోజులు పత్తి ఏరడానికి తీసుకుపోయాం టీచరమ్మా."

చూశారా! పిల్లకు తెలివి లేక కాదు. ఎనిమిదో తరగతి కష్టమై కూడా కాదు. రెండేళ్ల కింద ఒక మెట్టు విరిగింది. లెక్కలు నిచ్చెన లాంటివి. సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం పోతే ఇంకో పాఠం చదువుకోవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. భిన్నాలు రాకపోతే శాతాలు రావు. శాతాలు రాకపోతే వడ్డీ రాదు. పిల్ల పైమెట్టు మీద జారినప్పుడు కింద ఏ మెట్టు విరిగిందో వెతకాలి. నిచ్చెననే తీసి పారేస్తే ఎలా?

మనం ఏం చేయాలి?

పిల్లను రోజూ బడికి పంపాలి. పత్తి పనికి, చంటిపిల్లను ఆడించడానికి ఆపవద్దు.

"ఆడపిల్లకు లెక్కలెందుకు" అనే మాట ఇంట్లో రానివ్వకూడదు. ఆ మాట విన్న పిల్ల ప్రయత్నం మానేస్తుంది.

రోజూ సాయంత్రం పిల్లకు ఒక గంట వదిలిపెట్టాలి. ఆ గంటలో నీళ్లు తెచ్చే పని కొడుకు చేయవచ్చు.

"ఈ రోజు లెక్క నాకు చెప్పు" అని అడగాలి. మనకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. మనకు చెబుతూ చెబుతూ పిల్లే నేర్చుకుంటుంది.

బడికి వెళ్లినప్పుడు మార్కులు ఎన్ని అని మాత్రమే అడగవద్దు. "మా పిల్ల ఏ పాఠం దగ్గర ఆగింది సార్?" అని అడగాలి.

పదిలో లెక్కలు పాసు కావడానికి నూటికి 35 చాలు. ఒకవేళ తప్పినా చదువు ఆగిపోదు. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ఓపెన్ స్కూలు ఉంది. బడి మానేసిన ఆడపిల్లల కోసం 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. అక్కడే ఉండి చదువుకోవచ్చు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో లెక్కల ప్రశ్నలే ఎక్కువ.

చట్టం కూడా పిల్ల వైపే ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కు అని 2009లో చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం.

ఇంతకీ ఆ పిల్ల సంగతి ఏమైంది? ఇరవై రోజులుగా తల్లితో పాటు మన కేంద్రానికి వస్తోంది. భిన్నాలు దారిలో పడ్డాయి. రేఖాగణితం అంటే ఇంకా భయమే. పోయిన వారం వాళ్ల నాన్న ఎరువుల కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ లెక్క వేసి చూపించిందట. ఆయన రెండుసార్లు వేయించుకొని చూశాడట. "సరే, ఈ ఏడు మాన్పించను" అన్నాడట. ఈ ఏడు అన్నాడు. వచ్చే ఏడు మళ్లీ అడగాలి. ఆ అక్క అడుగుతానంది. మనం కూడా ఆమెకు తోడుగా వెళ్దాం.

చేసి చూడండి

1. కిలో టమాటా 24 రూపాయలు. పావుతక్కువ రెండు కిలోలు ఎంత?

2. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చారు. నెలకు వడ్డీ ఎంత? ఏడాదికి ఎంత?

3. మీ వాడలో లెక్కలు రావని బడి మానేసిన ఆడపిల్లలు ఎంతమంది? వాళ్ల పేర్లు మీ చేత్తో రాయండి. ఈసారి కేంద్రానికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి.